ఎల్ఫ్ క్లెరిక్ ఆడబోయే తమ్ముడికి: సెల్డరీన్ దేవతలు, వాళ్ల ధర్మం

కడప నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నలకు జవాబు ఇది. హాస్టల్లో స్నేహితులంతా కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకుని, డైస్ వేస్తూ కథ నడుపుకునే ఆట) మొదలుపెడుతున్నారట, తను ఎల్ఫ్ క్లెరిక్‌గా, అంటే ఎల్ఫ్ అనే కల్పిత జాతికి చెందిన, దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారిగా ఆడతాడట. "అన్నా, ఎల్ఫ్‌లకు ఇంతమంది దేవుళ్లున్నారు, ఎవర్ని ఎంచుకోవాలి? అలైన్‌మెంట్ కేయాటిక్ గుడ్ అని ఉంది, అంటే నియమాలేమీ లేవనా? డ్రో కనబడితే చంపడమే నా మతమా? ప్రార్థన తెలుగులో చెప్తే బాగుంటుందా?" అని అడిగాడు. అలైన్‌మెంట్ అంటే పాత్ర స్వభావం ఎటు మొగ్గుతుందో చెప్పే ముద్ర, కేయాటిక్ గుడ్ అంటే కట్టుబాట్లకు లొంగని మంచితనం. డ్రోలు భూమి అడుగున బతికే, వెలి అయిన ఎల్ఫ్‌లు.

నేను కర్నూలులో చాలా ఏళ్లుగా డీఎంగా, అంటే కథ చెబుతూ ఆట నడిపించేవాడిగా, టేబుల్ నడుపుతున్నాను. ఎల్ఫ్‌ల మతం నాకు బాగా ఇష్టమైన విషయం. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తాను.

మొదటి ప్రశ్న నుంచే వద్దాం. క్లెరిక్ అన్నాక క్యారెక్టర్ షీట్‌లో ఒక దేవుడి పేరు రాయాలి, నిజమే. అంతమాత్రాన మిగతా దేవుళ్లు పరాయివాళ్లు అయిపోరు. చాలామంది కొత్త ఆటగాళ్లు "నా దేవుడు గొప్పా, నీ దేవుడు గొప్పా" అనే పద్ధతిలో క్లెరిక్‌ను ఆడేస్తారు. మన ప్రాంతంలో పెరిగినవాళ్లకు ఆ అవసరం లేదు. ఒకే ఇంట్లో శనివారం వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటారు, జాతరకు ఊరి అమ్మవారికి బోనం ఎత్తుతారు, మొహర్రం వస్తే పీర్ల చావిడి దగ్గర నిలబడతారు. గూగూడు కుళ్లాయిస్వామి దగ్గరికి అనంతపురం పల్లెల నుంచి వెళ్లే హిందువులెంతమందో నీకు తెలుసు. మీ దేవుని కడపలోనే ఉగాది రోజు ముస్లిం కుటుంబాలు స్వామి దర్శనానికి వస్తాయి. ఎల్ఫ్ భక్తి కూడా ఇలాంటిదే. చంద్రదేవత సెహనీన్‌ను కొలిచే క్లెరిక్ విల్లు ఎత్తినప్పుడు విల్లు దేవుడు సోలొనోర్‌ను తలుచుకుంటుంది, ప్రేమలో పడితే ప్రేమదేవత హనాలికి మొక్కుకుంటుంది. అందులో ద్రోహమేమీ లేదు.

ఇంకో తేడా ఉంది, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకో. ఎల్ఫ్‌లకు దేవుళ్లు పాలకులు కారు, చుట్టాలు. అహోబిలం చుట్టుపక్కల చెంచులు నరసింహస్వామిని అల్లుడంటారు కదా, చెంచులక్ష్మిని చేసుకున్నాడని. సంక్రాంతి తర్వాత పారువేటకు స్వామి పల్లకీలో ఊరూరా తిరిగి వస్తాడు. అక్కడ భక్తి ఎంత ఉందో చనువూ అంతే ఉంది. అల్లుడి మీద అలగవచ్చు, అల్లుణ్ని నిలదీయవచ్చు. నీ ఎల్ఫ్ తన దేవుళ్లతో ఆ చనువుతోనే మాట్లాడాలి.

ఆ చుట్టరికం ఎలా వచ్చిందో వాళ్ల పుట్టుక కథ చెబుతుంది. ఎల్ఫ్ దేవతల బృందాన్ని సెల్డరీన్ అంటారు. వాళ్లలో పెద్ద కొరెల్లాన్ లారెథియన్. మాయాశక్తికి, కళలకు, యుద్ధానికి కూడా అధిదేవత. ఆడా మగా అని ఎవరూ తేల్చలేని, ఎప్పుడూ మారే రూపం. ఓర్క్‌లనే మరో జాతి దేవుడు గ్రూమ్ష్‌తో జరిగిన యుద్ధంలో కొరెల్లాన్ అతని కన్ను పొడిచేశారు. ఆ పోరులో ఒలికిన కొరెల్లాన్ రక్తం నుంచి ఎల్ఫ్‌లు పుట్టారని ఒక కథ. ఆ రక్తంలో చంద్రదేవత సెహనీన్ కన్నీళ్లు కలిశాయని ఇంకో కథ. ఓర్క్ పూజారులను అడిగితే "మా దేవుడికి మొదటి నుంచీ ఒకటే కన్ను, ఎవరూ పొడవలేదు" అంటారు. ఈ వాదన నాకెంతో ఇష్టం. ఒకే యుద్ధాన్ని రెండు జాతులు రెండు రకాలుగా చెప్పుకుంటున్నాయంటే ఆ లోకంలో ప్రాణం ఉందన్నమాట.

కథలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని నువ్వు టెన్షన్ పడొద్దు. ఆట 1974లో వచ్చింది. డ్రోల దేవత లోల్త్ 1978 నాటి సాహసాల్లోనే సాలెపురుగుల రాక్షస రాణిగా కనిపించింది, ఆమెకు తొలి ద్రోహి కథ అతికింది ఆ తర్వాతే. కొరెల్లాన్, రిల్లిఫేన్, డీప్ సషేలాస్ 1980 నాటి దేవతల పుస్తకంలో ఉన్నారు. హనాలి, లబెలాస్, సోలొనోర్, ఎరెవాన్, ఏర్‌డ్రీ 1982లో ఒక పత్రికలో వచ్చిన వ్యాసంతో చేరారు. డ్రోల పక్కన నిలబడే నాట్యదేవత ఐలిస్ట్రయీ 1991లో, సెహనీన్ 1992లో వచ్చారు. ఇంతమంది చేతులు పడ్డ పురాణం ఒక్క తీరుగా ఎందుకుంటుంది? మీ టేబుల్‌కు పనికొచ్చే కథ తీసుకోండి.

దేవతల గురించి క్లుప్తంగా చెబుతాను. రిల్లిఫేన్ రల్లాథిల్ అడవి దేవుడు, ఆకాశమంత ఓక్ చెట్టు రూపం. ఆ చెట్టు వేళ్లు లోకంలోని ప్రతి మొక్క వేళ్లతో పెనవేసుకుని ఉంటాయి. సోలొనోర్ థెలాండిరా విల్లు, వేట. ఏర్‌డ్రీ ఫేన్యా గాలి, వాన, పక్షులు. డీప్ సషేలాస్ సముద్రం, డాల్ఫిన్ అతని గుర్తు. ఎరెవాన్ ఇలెసేరే అల్లరి దేవుడు, ఏ వేషం వేసినా ఒంటి మీద ఎక్కడో ఒకచోట ఆకుపచ్చ ఉంటుంది. ఎన్‌పీసీ (డీఎం ఆడించే పాత్ర) మెడలో పచ్చ కండువా ఉందని డీఎం రెండుసార్లు చెప్పాడంటే జాగ్రత్త పడు. హనాలి సెలానిల్ ప్రేమ, అందం. ఎవర్‌గోల్డ్ అనే కొలను ఆమెది, వేరే జాతుల ప్రేమదేవతలకూ అందులో వాటా ఉంది. లబెలాస్ ఎనోరెత్ కాలానికి, దీర్ఘాయువుకు దేవుడు, ఒంటికన్ను. ఎల్ఫ్‌ల ముఖంలో ముసలితనం కనబడకపోవడం ఆయన వరమే అంటారు. ఫెన్మరెల్ మెస్టరీన్ ఒంటరివాళ్ల, వెలివేయబడ్డవాళ్ల దేవుడు. దేవతల సభకు తనే దూరంగా ఉంటాడు, అతని గుర్తు చీకట్లో రెండు కళ్లు. సెహనీన్ మూన్‌బో చంద్రుడు, కలలు, ప్రయాణం, మరణం. ఈమె గురించి కింద వివరంగా రాస్తాను.

ఇప్పుడు అసలు ప్రశ్న, కేయాటిక్ గుడ్. చాలామంది దీన్ని "మంచివాడే కానీ నచ్చింది చేస్తాడు" అని అర్థం చేసుకుంటారు. పార్టీలో, అంటే కలిసి తిరిగే పాత్రల గుంపులో, అల్లరి చేసి, డబ్బు కొట్టేసి, "నా అలైన్‌మెంట్ అంతే" అంటారు. ఇది ఎల్ఫ్ ధర్మం కాదు. ఆట నియమాల పుస్తకంలో ఎల్ఫ్‌ల గురించి ఉన్న మాట సారాంశం ఇది: వాళ్లకు స్వేచ్ఛ అంటే ప్రాణం, తమ స్వేచ్ఛ ఎంతో ఎదుటివారి స్వేచ్ఛ కూడా అంతే, రెండింటినీ కాపాడతారు. ఈ రెండో సగాన్ని అందరూ మర్చిపోతారు. పై నుంచి ఆజ్ఞలు లేవు కాబట్టి నీ మనస్సాక్షి మీద బరువు ఇంకా పెరుగుతుంది. "దేవుడు చెప్పాడు, చేశాను" అని చేతులు దులుపుకునే దారి ఎల్ఫ్‌కు లేదు.

ఆ బరువు ఎంతటిదో తెలియాలంటే వాళ్ల ఆయుష్షు చూడు. ఎల్ఫ్ ఏడొందల ఏళ్లు దాటి బతుకుతుంది, నూరేళ్లకు గానీ పెద్దది అనిపించుకోదు. నిద్రపోదు. రోజుకు నాలుగు గంటలు కూర్చుని ధ్యానంలోకి వెళ్తుంది, ఆట భాషలో అది ట్రాన్స్. ఐదో ఎడిషన్‌లో 2018లో వచ్చిన ఒక పుస్తకం దీన్ని చాలా లోతుకు తీసుకెళ్లింది. చిన్నతనంలో ట్రాన్స్‌లో వచ్చేవి ఆత్మ గత జన్మల జ్ఞాపకాలు. పెద్దయ్యాక అవి ఆగిపోయి, ఈ జన్మలో మెలకువగా గడిపిన రోజుల జ్ఞాపకాలు రావడం మొదలవుతాయి. కోపంలో అన్న మాట, వదిలేసి వచ్చిన స్నేహితుడు, కాపాడలేకపోయిన పల్లె, అన్నీ మళ్లీ కళ్ల ముందుకు వస్తాయి. మనిషి అయితే ఇరవై ఏళ్లకు మర్చిపోతాడు. ఎల్ఫ్ నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా దాన్ని చూస్తుంది. ఎల్ఫ్ ధర్మానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. నరకభయంతో కాదు, తను చేసిన పనితో తనే కాపురం చేయాలి కాబట్టి ఎల్ఫ్ ఆలోచించి అడుగేస్తుంది. రోల్‌ప్లేలో దీన్ని వాడుకో. లాంగ్ రెస్ట్ (ఆటలో రాత్రి విశ్రాంతి) తీసుకున్న ప్రతిసారీ డీఎంను ఒక్కటి అడుగు: "ఈ రాత్రి నా ట్రాన్స్‌లో ఏ జ్ఞాపకం వచ్చింది?" ఈ ఒక్క అలవాటుతో క్యారెక్టర్ ఎంత చిక్కగా తయారవుతుందో నువ్వే చూస్తావు.

చావు దగ్గరపడ్డ ఎల్ఫ్ కళ్లలో నెలవంక ఆకారంలో పొర కనబడుతుంది. సెహనీన్ పిలుస్తోందని దానర్థం. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని జబ్బుగా చూడరు, కబురుగా చూస్తారు. ఆత్మ ఆర్వాండోర్ అనే దేవతల లోకానికి వెళ్లి, కొంతకాలానికి మళ్లీ పుడుతుంది. సెహనీన్ క్లెరిక్ పని ఆ దారిలో తోడు నడవడం. గాయాలు మాన్పే క్లెరిక్‌లు ఏ పార్టీలోనైనా దొరుకుతారు. పోతున్నవాడి పక్కన కూర్చుని, అతని కథ చివరి దాకా విని, దారి చెప్పేవాళ్లు అరుదు.

ఇక డ్రో సంగతి. నీ ప్రశ్నల్లో నాకు ముఖ్యమైనది ఇదే.

కొరెల్లాన్ సహచరి అరౌష్నీ. అధికారం మీద ఆశతో ద్రోహం తలపెట్టింది. ఒక యుద్ధంలో ఆమె మాయవల్ల కూతురు ఐలిస్ట్రయీ వదిలిన బాణం దారి మళ్లి తండ్రి కొరెల్లాన్‌నే కొట్టింది. కుట్ర బయటపడింది. అరౌష్నీని దేవలోకం నుంచి వెళ్లగొట్టారు, ఆమె సాలెపురుగు రాక్షసి లోల్త్ అయింది. ఆమెను నమ్మిన ఎల్ఫ్‌లే కాలక్రమంలో భూమి అడుగుకు చేరిన డ్రోలు. ఇంకో కథలో, మొదటి ఎల్ఫ్‌లు కొరెల్లాన్‌లా ఇష్టం వచ్చినట్టు రూపం మార్చుకునేవాళ్లు. లోల్త్ మాట విని స్థిరమైన రూపాలు తీసుకున్నారు. కొరెల్లాన్ మనసు విరిగి, ఎల్ఫ్‌లందరికీ ఆర్వాండోర్‌లో శాశ్వత నివాసం లేకుండా చేశారు. అందుకే వాళ్ల ఆత్మలు అక్కడికి వెళ్లినా నిలవలేక మళ్లీ పుడుతుంటాయి.

సీమలో పుట్టినవాళ్లకు ఈ కథ ఎక్కడ తగులుతుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. తాతల నాటి గొడవకు మనవడు ఊరు వదిలిపోవడం మనం విన్నాం. కొందరి ఇళ్లలో చూశాం కూడా. "వాళ్ల రక్తమే అంత" అనే మాట ఎన్ని ఇళ్లు కూల్చిందో మన సీమంతటికీ తెలుసు. ఎల్ఫ్ పురాణంలో కూడా రక్తం నుంచి పుట్టిన జాతి ఉంది, రక్తం పేరు చెప్పి వెలివేసిన జాతీ ఉంది. డ్రో పిల్లాడు పుట్టీ పుట్టకముందే నేరస్తుడు. పదివేల ఏళ్ల కిందట ఎవరో చేసినదానికి వాడు జవాబు చెప్పాలి. ఎదుటివారి స్వేచ్ఛను కాపాడతామనే మతంలో ఇది పెద్ద లోపం. కొరెల్లాన్ తప్పు చేశారనే నేను అనుకుంటాను. ఈ మాట నీ క్లెరిక్ కూడా అనవచ్చు. చుట్టాన్ని నిలదీసే హక్కు ఉందని పైన రాసింది ఇందుకే.

ఈ లోపానికి ఎల్ఫ్ మతంలోనే రెండు జవాబులున్నాయి. ఒకటి షెవరాష్. అతను పుట్టుకతో దేవుడు కాదు. డ్రో దాడిలో ఇంటివాళ్లను పోగొట్టుకున్న మామూలు ఎల్ఫ్. లోల్త్, ఆమె మనుషులు నాశనమయ్యేదాకా నవ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. చచ్చాక దేవుడయ్యాడు. అతని భక్తులు కూడా అదే ఒట్టు పెట్టుకుంటారు. అతన్ని నేను తేలిగ్గా తీసేయను. అతని దుఃఖం నిజం, అన్యాయమూ నిజం. కానీ ఆ ఒట్టు ఎప్పటికి తీరుతుంది?

రెండోది ఐలిస్ట్రయీ. ఆమె బాణం తెలియక తగిలింది, తప్పు ఆమెది కాదని కొరెల్లాన్‌కూ తెలుసు. అయినా వెలివేతను తనే కోరుకుంది. ముందు ముందు డ్రోలకు ఒక వెలుగు కావలసి వస్తుందని, అప్పుడు వాళ్ల పక్కన తను ఉండాలని. ఆమె ధర్మం చూడు, ఎంత నేల మీద ఉంటుందో. కొత్త పాటలు, నాట్యాలు నేర్చుకో. వేటాడటం, వేటాడింది వండటం నేర్చుకో. ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టు, ఇల్లు లేనివాడికి చోటివ్వు. దురుసుగా మాట్లాడితే మంచిగా బదులివ్వు. హింసకు దిగితే మాత్రం ఆలస్యం చేయకుండా ఎదుర్కో. డ్రోలు ఎవరితోనైనా కొట్లాడుతుంటే వీలైనంత తక్కువ రక్తంతో విడదీయి. మెత్తదనం, కత్తి రెండూ ఉన్న ధర్మం ఇది. వెన్నెల్లో కత్తి పట్టి నాట్యం చేసే దేవత ఆమె.

మా టేబుల్‌లో నంద్యాల నుంచి వచ్చే ఒక అమ్మాయి షెవరాష్ క్లెరిక్‌గా ఆడింది. క్యారెక్టర్‌లో ఉన్నంతసేపూ నవ్వేది కాదు, పక్కవాళ్లు ఎంత కవ్వించినా సరే. ఒక గుహలో లోల్త్ పూజారిణుల నుంచి పారిపోయి వచ్చిన డ్రో పిల్ల దొరికింది. మణికట్టు మీద సాలెపురుగు వాత, ఇంకా పచ్చిగా. పార్టీలో విలుకాడు బాణం ఎక్కుపెట్టాడు. ఈ అమ్మాయి చాలాసేపు డైస్ వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుని, చివరికి విలుకాడికి అడ్డంగా నిలబడతానంది. తర్వాత నన్ను అడిగింది: "అన్నా, ఇప్పుడు నా స్పెల్స్ పోతాయా?" పోవని చెప్పాను. దేవుడు క్లెరిక్‌ను ఒక్క దయగల పనికి శిక్షిస్తే ఆ ఆట ఎవరూ ఆడలేరు. కాకపోతే మరుసటి ఉదయం ప్రార్థనకు షెవరాష్ నుంచి మాట రాలేదు, శక్తి మాత్రమే వచ్చింది. ఆ మౌనం చుట్టూనే తర్వాతి కథంతా నడిచింది. ఆమె చివరికి ఫెన్మరెల్ దగ్గరికి చేరింది, వెలి ఎలా ఉంటుందో తెలిసిన దేవుడని.

కాబట్టి డ్రోను చంపడం నీ మతం కాదు. లోల్త్ బలవంతాన్ని ఎదిరించడం నీ మతం. కత్తి ఎత్తి మీదికొస్తున్న డ్రోతో పోరాడు, సందేహం అక్కర్లేదు. ఆయుధం కింద పడేసినవాణ్ని ఏం చేస్తావన్న దగ్గరే నీ క్యారెక్టర్ ఎవరో తేలుతుంది.

ఇక ఎంపిక. నువ్వు కొత్తవాడివి కాబట్టి సెహనీన్‌ను తీసుకోమంటాను. 2014 నాటి నియమాల పుస్తకంలో ఆమెకు నాలెడ్జ్ డొమైన్ (డొమైన్ అంటే దేవుడి శక్తిలో క్లెరిక్ ఎంచుకునే విభాగం) ఇచ్చారు, గుర్తు నెలవంక. డీఎం ఒప్పుకుంటే చావుకు సంబంధించిన గ్రేవ్ డొమైన్ ఇంకా బాగా కుదురుతుంది. సెషన్‌లో ఎప్పుడూ ఎవరో ఒకరు చస్తారు, కలలు వస్తాయి, ప్రయాణం ఉంటుంది. అంటే నీకు చేయడానికి పని ఎప్పుడూ ఉంటుంది. కొరెల్లాన్‌కు లైట్ డొమైన్. వెలుగు, మంట స్పెల్స్ ఇష్టమైతే అదీ మంచిదే, కానీ పెద్ద దేవుడి క్లెరిక్ అనగానే పార్టీకి నాయకత్వం నెత్తిన పడుతుంది. మొదటి ఆటకు అది భారం. ఐలిస్ట్రయీ మీద మనసు పడితే ఆపను. కానీ ఆమెను ఆడాలంటే డీఎం డ్రోలను మనుషుల్లా చూపించేవాడై ఉండాలి.

ప్రార్థన తెలుగులో చెప్పు. నిస్సందేహంగా. ఇంగ్లీషులో కష్టపడి గంభీరంగా మాట్లాడేవాడి కన్నా, ఇంట్లో విన్న తెలుగులో రెండు ముక్కలు సూటిగా చెప్పేవాడి ప్రార్థన టేబుల్‌ను పట్టేస్తుంది. దండకంలా పెద్ద పెద్ద సమాసాలు వద్దు, చుట్టంతో మాట్లాడుతున్నావని గుర్తుంచుకో. చనిపోయిన సైనికుడి దగ్గర మావాళ్లు ఒకరు అన్న మాటలు ఇవి: "వెన్నెలమ్మా, ఈ పిల్లోడికి దారి తెలియదు. కాస్త నెమ్మదిగా నడిపించు. వాళ్లమ్మకు నేను చెప్తాలే." ఆ మూడు వాక్యాలకు డీఎంగా నేను ఏ డైస్ రోల్ అడగలేదు.

మొదటి సెషన్‌కు ముందు మీ డీఎంతో రెండు సంగతులు తేల్చుకో. మీ లోకంలో ఎల్ఫ్ ఆత్మలు మళ్లీ పుడతాయా, లేక ఆర్వాండోర్‌లోనే ఉండిపోతాయా? పాత కథల్లో ఒకలా, 2018 పుస్తకంలో ఇంకోలా ఉంది, సెహనీన్ క్లెరిక్‌కు ఇది ముందే తెలియాలి. రెండోది, భూమి పైకి వచ్చేసిన డ్రోలు అక్కడ ఉన్నారా, ఉంటే పల్లెల వాళ్లు వాళ్లను ఎలా చూస్తారు? ఈ రెండింటి జవాబులూ, నీ లెవెల్ ఎంతో కూడా రాసి పంపితే, మొదటి రోజుకు ఏ స్పెల్స్ సిద్ధం చేసుకోవాలో చెప్తాను.